రింగు మీది అంకె

ఎర్ఫుర్ట్‌లో ఆదివారం సంత, సన్న జల్లు.
ఇర్మ్‌ట్రౌట్ బల్ల మీద, కాఫీ మరకల గుడ్డపై
మొదటి యుద్ధం నాటి ఇనుప శిలువ.
"ముద్ర కూడా ఉంది, చూడు" అంది.
ముద్ర ఉంటే ధర మూడింతలు.

జేబులోంచి అయస్కాంతం తీశాను.
అతుక్కుంది. అదేం పెద్ద సాక్ష్యం కాదు,
ఇనుము దొంగకీ దొరుకుతుంది.
భూతద్దం కింద అంచు వెతికాను:
వెండి చట్రానికీ నల్లటి నడిమికీ మధ్య
వెంట్రుకంత సందు ఉండాలి.
లేదు. అంతా ఒకే పోత.
రింగు మీది అంకె చూస్తే,
సుత్తి దెబ్బకి లోహం గట్టు కట్టాలి కదా,
ఇది సబ్బు మీద గోటితో గీసినట్టుంది.

"మా మామగారిది" అంది, కళ్ళు దించకుండా.
ఆమెకీ ఎవరో అలాగే చెప్పి ఉంటారు.

తిరిగి పెట్టబోతూ చూశాను,
కింది చేయి మీద ఒక గీత,
కొడవలిలా వంగి, కొసన రెండుగా చీలి.

ఆ గీత నాకు తెలుసు.
పంతొమ్మిదేళ్లుగా నా మూడో సొరుగులో
నీలం మఖమలు మీద పడుకుని ఉంది.
కందకంలో రాయి తగిలిందని
ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పాను.

గీతలు కవలలై పుట్టవు.
నాది ఈ అచ్చుకు తల్లో,
లేక దీని తోడబుట్టిందో.

బేరమాడకుండా డబ్బిచ్చేశాను.
ఇర్మ్‌ట్రౌట్ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది,
వెలుతురుకెత్తి కూడా చూసింది.

ఇంటికొచ్చాను. సొరుగు తాళంచెవి
తలుపు పక్క కొక్కేనికే ఉంది.
ముందు టీ పెట్టుకున్నాను.
తర్వాత ఇంకోసారి.