ముడి విప్పమని ఒక ఉత్తరం

హల్ నగరం, సెప్టెంబరు చివరి వారం.
మూడో కౌంటర్లో నేను.
తడిసిన కోటు విప్పకుండానే కూర్చుంది ఆ పిల్ల.
టామ్సిన్ ఎక్‌రాయిడ్, పంతొమ్మిదేళ్లు,
నర్సింగు రెండో సంవత్సరం.
ఆస్పత్రి సబ్బుకి వేళ్ల కణుపులు పగిలి ఉన్నాయి.

విద్యార్థి ఖాతా కావాలంది.
తెర ఎనిమిది సెకన్లు ఆలోచించి
"క్షమించండి" అంది.
ఎందుకో చెప్పలేదు.
ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నాకూ ఎన్నడూ చెప్పలేదు.

"నేనెవరికీ ఒక్క పెన్నీ బాకీ లేనే!"
అదే కొంప ముంచేదమ్మా,
అప్పు చేసి తీర్చినవాళ్లకే ఇక్కడ మొహం ఉంటుంది,
చెయ్యనివాళ్లు అద్దంలో పడరు
అని నోటిదాకా వచ్చింది.
పైవాళ్లు నేర్పిన వాక్యమే అప్పజెప్పాను.

కానీ బయట వాన తగ్గలేదు,
వెనక వరసలో ఎవరూ లేరు.
కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

ఓటర్ల జాబితాలో పేరుందా?
"గ్రిమ్స్‌బీలో, అమ్మ దగ్గరున్నప్పుడు. ఆ ఇల్లు ఖాళీ చేసేశాం."
మాకు రాసిచ్చిన అడ్రసు?
"ఫ్లాట్ రెండు."
అద్దె కాగితంలో?
"పై అంతస్తు, వెనక వైపు."
నిద్రపోయేది ఒకే మంచం మీద.
యంత్రం లెక్కలో ఇద్దరు మనుషులు,
ఇద్దరూ నమ్మదగ్గవాళ్లు కారు.

ఇంకెక్కడైనా అడిగావా?
"నాలుగు బ్యాంకుల్లో. ఈ వారమే."
అయ్యో.
తలుపు తెరవకపోయినా
తట్టిన చప్పుడు రాసి పెట్టుకుంటారు.
నాలుగో గుమ్మం చేరేసరికి
నీకు ఆకలేస్తోందని వీధంతా తెలిసిపోతుంది.

నీ ఫైలు నువ్వే తెప్పించుకో, డబ్బులడగరు అన్నాను.
గురువారం మళ్లీ వచ్చి
పగిలిన ఫోన్ అద్దం మీద ఒక పేరు చూపించింది:
కోరీ బ్లెన్‌కిన్‌సాప్.

పోయినేడు అదే ఇంట్లో కింది గది.
కరెంటు బిల్లు కోసమని ఇద్దరి పేరా ఒక ఖాతా,
నెలకి తలా పదిహేను పౌండ్లు.
ఉంగరం లేదు, పాదిరి లేడు, ఎవరూ కేకు కొయ్యలేదు,
అయినా ముడి పడిపోయింది.
జనవరిలో చదువు మానేసి
చేపల పడవెక్కి నార్వే పోయాడట
మూడు కార్డుల అప్పు ఒడ్డున వదిలేసి.
ఆ అప్పు తీగ పాకినట్టు పాకి
ఈమె పేరుని పట్టుకుంది.

అతని గురించి నీకేం తెలుసు?
చాలాసేపు ఆలోచించింది.
"నా పాలు తాగేసేవాడు.
తెలియకుండా సీసాలో నీళ్లు కలిపి పెట్టేవాడు."

ముందు ఆ ఖాతా మూసెయ్.
ఓటుకి రాసుకో, అన్నిచోట్లా ఒకే అడ్రసు, కామాతో సహా.
ఆరు నెలలు ఏ గుమ్మమూ తట్టకు.
ఆ ముడి విప్పమని ఉత్తరం రాయి.
కారణం అన్న గడిలో ఆమె
"ఇతనితో నాకు సంబంధం లేదు" అని రాసి, ఆగి,
"ఎప్పుడూ లేదు" అని కలిపింది.

ప్రస్తుతానికి మామూలు ఖాతా ఇచ్చాను.
ఓవర్‌డ్రాఫ్ట్ ఉండదన్నాను.
"నెలాఖరుకి బస్సు డబ్బులు తగ్గితే?"
తగ్గినట్టే.
నవ్వింది. నేనే నవ్వలేకపోయాను.

ఆ రాత్రి ఎందుకో
నా ఫైలు నేనే తెరిచాను.
మంచి మార్కులే, బడిలో ఎన్నడూ రానన్ని.
కింద చిన్న అక్షరాల్లో:
సంబంధం ఉన్న వ్యక్తులు, ఒకరు.
క్లైవ్.

పదకొండేళ్లయింది విట్బీ వెళ్లిపోయి.
విడాకుల సంగతి జడ్జికి తెలుసు,
పక్కింటి గ్లెనిస్‌కి తెలుసు, చచ్చిపోయిన కుక్కకీ తెలుసు.
ఫైలుకి చెప్పడం ఎవరికీ గుర్తు లేదు.
ఇద్దరి పేరా ఇంకా నలభై పౌండ్లున్నాయి
ఎప్పుడో స్పెయిన్ వెళ్లాలని దాచినవి.

ఆ పిల్లకి చెప్పిన ఉత్తరమే రాయడం మొదలుపెట్టాను.
పేరు. అడ్రసు, కామాతో సహా.
కారణం దగ్గరికి వచ్చేసరికి
కెటిల్ ఈల వేసింది.
లేచి వెళ్లాను.

కవరు మీద స్టాంపు మాత్రం అంటించే ఉంది.