ఆరో గడి

చిత్తూరు కోర్టు ప్రహరీ వార
నా టైపుమిషన్‌లో 'ళ' విరిగి పదేళ్లు.
గట్ల తగాదాలు, భరణాలు, చెక్కు బౌన్సులు కొట్టాను గానీ
ఎండ మీద దావా
ఇదే మొదలు.

చెంగమ్మది బంగారుపాళ్యం పక్క గుత్తచేను.
ఒక్క పదునుకి చెనిక్కాయ వేసింది,
ఊడ దిగే వేళకి నేల పెంకయింది.
పరిహారం రాకపోలేదు,
హోసూరులో ఉండే పట్టాదారు ఫోన్‌లో
టింగుమని మోగింది.

దరఖాస్తులో అయిదు గళ్లు.
పట్టా నంబరు, పాసుపుస్తకం, ఇంకేవో.
"విత్తిందెవరని యాడా అడగలేదే సామీ?"
వకీలు షమీమ్ కళ్లద్దాలు తుడుచుకుంది:
"ఆ లేని గడే మన కేసు. కొట్టండి."

కొట్టాను.
వానలు మారాయని, చట్టం మారలేదని,
మబ్బు మోసం చేస్తే శిక్ష
మడక పట్టినోళ్లకే పడుతోందని.
'నీళ్లు' వచ్చిన ప్రతిచోటా
కాగితం మీద ఖాళీ.
పెన్నుతో పూడ్చుకుంటూ పోయాను,
పదిహేడు చోట్ల.

మూడు వాయిదాలు.
నాలుగో దానికి జడ్జి సర్కారు వకీలుని అడిగాడట:
"ఒక్క గీత గీయడానికి ఎంత గడువు కావాలి?"
ఆయన ఆరు వారాలన్నాడు.

ఆరు వారాలకి అదును దాటిపోతుంది.
చెంగమ్మ కార్బన్ కాపీ మడిచి రొండిన దోపుకుని
మెట్ల మీద నుంచే ఎవరికో ఫోను చేస్తోంది,
విత్తనకాయ మూట ఎంతకిస్తావని.