పదమూడో గడి

పీటర్‌హెడ్ రేవుకి పడవలింకా రాలేదు.
ఠాణా గోడ మీద రాత్రి రెండుం పావు.
సార్జెంట్ ఫార్కర్ తెర మీంచి కళ్లెత్తకుండా
ఒక్కో ప్రశ్నా చదువుతున్నాడు,
టీ చల్లారేలోగా అయిపోవాలని.

ఎదురుగా డూగల్డ్ స్ట్రాకన్, యాభై నాలుగేళ్లు.
ముప్పై ఏళ్లు చేపల పడవ ఇంజన్ గదిలో ఉన్నవాడు.
డీజిల్ హోరు ఎడమ చెవిని మొత్తం తినేసి
కుడిచెవిలో కాస్త మిగిల్చింది.
పెదాలు కనబడితే సగం మాట పోల్చుకుంటాడు.
సార్జెంట్ పెదాలు తెరకేసి ఉన్నాయి.

హక్కులు అర్థమయ్యాయా?
తలూపాడు.
లాయరు అక్కర్లేదా?
తలూపాడు.
వైకల్యాలేమీ లేవుగా?
దానికీ తలూపాడు.
పదమూడో గడిలో ‘లేదు’ అని పడింది.
అబద్ధమాడాలని ఇద్దరిలో ఎవరికీ లేదు.

తెల్లారి కోర్టులో జడ్జి రెండుసార్లు అడిగాడు.
మూగనోము పట్టాడనుకున్నారు.
‘సహకరించలేదు’ అని రాశారు.

ఇదంతా నాకెలా తెలుసంటే
ఆ కాగితాలు చివరికి చేరేది నా బల్ల మీదకే.
వాళ్లక్క రాసిన ఉత్తరం ఫైలు వెనకాల
పిన్నుకి వేలాడుతోంది, ఎవరూ మడత విప్పకుండా.

ఏడాది చివర ఎడిన్‌బరా నుంచి ఒకటే ప్రశ్న:
పట్టుబడినవాళ్లలో వైకల్యమున్నవాళ్లు ఎందరు?
నాలుగు వేలల్లో పదకొండుగురు, అంది కంప్యూటరు.
పదకొండు!
ఆస్పత్రి బస్సు ఒక్క ట్రిప్పులో
అంతకన్నా ఎక్కువమందిని దించుతుంది.
లెక్కలో లేనివాణ్ణి ఎవరు లెక్కచేస్తారు?

నేనేం తక్కువ తిన్నానా?
ఉద్యోగంలో చేరిన రోజు ఇదే గడి నా ముందుకీ వచ్చింది.
సంచీలో మూర్ఛమాత్రల డబ్బా గలగలమంటుంటే
‘చెప్పదలచుకోలేదు’ దగ్గర టిక్కు పెట్టాను.
అప్పటికి పాపకి నాలుగు నెలలు. ఇంటప్పు.
అందుకే ‘లేదు’ అన్నవాళ్ల మీద నాకు కోపం రాదు.
అడిగిన తీరు మీద వస్తుంది, ఎప్పుడైనా.

ముప్పై రోజులు దాటితే ఆ గడికి తాళం పడుతుంది.
అడుగున ‘ఇతర వివరాలు’ మాత్రం తెరిచే ఉంటుంది,
పాతిక అక్షరాలకు చోటు.
డూగల్డ్ మార్చిలో మళ్లీ కోర్టుకి రావాలి.
చెరిపి, రాసి, వేళ్ల మీద లెక్కపెట్టి ఇమిడ్చాను:

కుడిపక్క నిలబడండి. ముఖం చూపి అడగండి.

తర్వాత నా సొంత ఫైలు తెరిచాను.
కాసేపు చూసి
మూసేశాను.