గ్రేడింగు బల్ల మీద తొమ్మిదో చంద్రుడు

మేనల్లుడు అప్పలకొండ నోటుబుక్కు తెరిచాడు.
"తొమ్మిదో సెంద్రుడు ఎనిమిది పార్టులొచ్చీసినాయి కదా,
ఏది ఫస్టు, ఏది లాస్టు, సెప్పత్తా."
గళ్ళు ముందే గీసి ఉంచాడు.

నన్నడగటంలో తప్పులేదు.
పలాసలో పంతొమ్మిదేళ్ళుగా నా బతుకు అదే.
ఎనిమిదేళ్ళు పిక్కలు కొట్టాక
ఈ బల్ల దగ్గర కూచోనిచ్చారు.
తెల్లటి లైటు, ముందు పోసిన పప్పు.
గుండుది ఇటు, బద్ద అటు,
ముక్క కిందికి, నూక ఇంకా కిందికి,
మాడింది విడిగా.
కళ్ళకంటే ముందు వేళ్ళు చూస్తాయి.

మొదటి పార్టు నూట ఎనభై నెంబరు పప్పు.
దాని మీద ఎవరికీ పేచీ లేదు.
గౌరీ టాకీసులో నేల టిక్కెట్టు.
చంద్రుడి మీద దిగినవాళ్ళు
గోదారోళ్ళ యాసలో మాట్లాడుతుంటే
కాసేపు నవ్వాం, తర్వాత మరిచిపోయాం.

రెండోది బద్ద.
ఇంటర్వెల్ దగ్గర సరిగ్గా చీలింది.
రెండు సగాలూ తియ్యగానే ఉన్నాయి గానీ
అతకవు.

నాలుగు, ఐదు నాకు కలిసిపోయాయి.
ఓడ పేలింది ఒకదాంట్లోనా, రెండిట్లోనూనా?
ఆటో తవిటయ్య ఐదోదానికి ప్రాణం పెడతాడు,
వాడి బండి వెనక ఆ ఓడ బొమ్మే.
"నీకేటి తెలుసొలే, ఆ ఫైటింగు సూసినావా?" అంటాడు.
చూశాను. పొట్టు తీస్తే లోపల పుచ్చు.

ఆరోది తుఫాను ఏడాది వచ్చింది.
తోటలన్నీ వేళ్ళు పైకి పెట్టి పడుకున్నాయి.
పిక్క లేదు, పని లేదు.
దాన్ని నేను చూడలేదు.
చూడనిదాన్ని ఏ గంపలో వెయ్యను?
గడి వదిలెయ్యమంటే వాడు సున్నా చుట్టాడు.
"సున్నా కాదురా, కాళీ."
రెండిటికీ తేడా వాడికింకా తెలీదు.

ఏడు, ఎనిమిది మాడినవి.
ఎటు చూసినా మంట,
చచ్చినవాడే మళ్ళీ పోస్టరు మీద.

మిగిలింది మూడోది.
అందరి జాబితాలోనూ అడుగున పడుండేది.
ఫైటింగు లేదు,
గంటన్నర సేపు ఒక మనిషి, ఒక తలుపు.
ఓడ వదిలిపోయిన కెప్టెనమ్మ
పదేళ్ళకి తిరిగొస్తుంది.
అరచెయ్యి ఆనిస్తే తలుపు తెరుచుకోవాలి.
ఆనిస్తుంది. ఎర్ర దీపం.
చీరుకున్న బట్టకి తుడిచి ఆనిస్తుంది. ఎర్ర దీపం.
ఆ గ్రహం మట్టి ఆమె చేతిగీతలు తినేసింది.
ఆమే కట్టిన ఓడ
"తమరెవరు?" అని మర్యాదగా అడుగుతుంది.

బాల్కనీ కుర్రాళ్ళు ఈలలేశారు, సినిమా మార్చమని.
మా వరస మాత్రం కదల్లేదు.
నేను, దాలమ్మ, పిక్కలు కొట్టే సన్యాసమ్మ,
బట్టీ కాడ పనిచేసే గురువులమ్మ.
ఒక బెంచీ, ఎనిమిది చేతులు,
జీడి సొన నున్నగా చేసిన వేళ్ళు.
అంతకు ముందు వారమే
రేషను డిపోలో మిషను మీద వేలు పెడితే
మళ్ళీ పెట్టమంది, మళ్ళీ పెట్టమంది.
డీలరు నిమ్మకాయ రాయమన్నాడు,
కొబ్బరినూనె రాయమన్నాడు,
నాలుగోసారికి బియ్యం రేపన్నాడు.

కెప్టెనమ్మ మూడోసారి చెయ్యెత్తింది.
హాలంతా చీకటి.
దాలమ్మ తెరకి కేకేసింది:
"నిమ్మకాయ రాయమ్మా!"

మేం బెంచీ మీంచి పడేలా నవ్వాం.
బాల్కనీ నోరు మూసుకుంది,
ఏం జోకో అందక.

"తలుపు తీసుకుందా మరి?" అన్నాడు అప్పలకొండ.
లేదు. ఆమె బయటే కూచుని
లోపల ఏ గది ఎక్కడుందో, ఏ మర ఎక్కడ అరిగిందో
ఓడకి ఒక్కొక్కటే చెబుతూ పోయింది.
ఓడ వింటూ ఉంది.
అంతే, లైట్లేసేశారు.

"మూడోది ఫస్టు. రాయి."
"ఎవులూ ఒప్పరత్తా."
"రాయిరా."

మిగతావన్నీ పెన్నుతో రాసినవాడు
దీనికి పెన్సిలు వెతికాడు.
పైగడిలో మూడంకె వేశాడు,
నేను లేచి వెళ్ళాక చెరపటానికి
వీలుగా, లేతగా.