ఇర్వై మూడు – ఇర్వై అయిదు

పత్తి తూకాలు రాసే బుక్కులనే ఆట లెక్క గూడ రాసిన.
ముందటికెల్లి క్వింటాళ్లు,
తిప్పి పట్టుకుంటే వెనకకెల్లి పాయింట్లు.
దసరా ఎల్లిన నాలుగో నాడు బయలెల్లినం
కొండమల్లేపల్లి జిన్నింగ్ మిల్లు వాలీబాల్ టీము.
నారింజ బనీన్లు. వీపుల మీద సేటు పేరు
మూడు ఉతుకుళ్లకే సగం పోయింది.

చండూరుల గెలిచినం. హాలియాల గెలిచినం.
కల్వకుర్తిల వాన పడి నెట్టు గుంజలు వొరిగితే
మనిషికొకటి పట్టుకొని నిలబడ్డరు ఊరోళ్లు,
గెలిచినం.
అచ్చంపేటల కరెంటు పోయింది.
రెండు ట్రాక్టర్ల లైట్ల వెలుతుర్ల
మా నీడలే మాకంటె పొడుగ్గ ఎగిరినయి.

పర్వతాలు ఎగిరితే నేల వాణ్ని మర్చిపోయేది.
పొద్దంత బేళ్లు మోసిన భుజం అది.
పొద్దుమూకంగనే ఏడ దాచిపెట్టిన బలమో బయటికి తీసి
అవుతలి మట్టిల గుంత పడేటట్టు కొట్టేది.
కేతావత్ హర్యా మాట్లాడడు. లిఫ్టింగ్ వానిది.
పొదుగుల ఉన్న కోడి కిందికెల్లి గుడ్డు తీసినట్టు
వేళ్ల కొసలతోని బంతిని లేపిచ్చేటోడు.
జహంగీర్ భాయ్‌కి నలభై దాటినయి, మోకాలికి పట్టీ,
"ఇదే లాస్ట్" అనుకుంట ఐదేండ్ల సంది ఆడుతున్నడు.
నవ్వేటోళ్లం.

పందొమ్మిది ఆటలు, పదిహేడు గెలుపులు.
చౌరస్తాల మిర్చిల బండి యాదమ్మ
మా తాన పైసలు తీసుకునుడు బంద్ చేసింది.
గద్వాల కప్పు తెస్తే
పత్తి అయిపోయినంక గూడ పని ఇస్తనన్నడు సేటు,
ఎండకాలం గూడ.
నేను బుక్కుల ఆఖరి పేజీకి పోయి
'ఫైనల్' అని రాసి
గీతలు కొట్టి పెట్టుకున్న. ముందుగాలనే.

సెమీస్‌ల మక్తల్ పోరగాళ్లు.
మీసాలన్న సరిగ్గ రాలే.
ఒక సెట్టు వాళ్లది, ఒకటి మాది,
మూడోది గూడ పాతిక దాకనే అన్నరు.
ఇర్వై మూడు, ఇర్వై మూడు.
హర్యా లేపిండు. పర్వతాలు ఎగిరిండు.
బంతి గీత మీద పడ్డదో గీత అవుతల పడ్డదో,
సున్నం లేచిందైతే నా కండ్లతోని చూసిన.
రెఫరీ రెండు చేతులెత్తిండు.
తర్వాతి సర్వీసు జహంగీర్ భాయ్ ముందట్నే దిగింది.
వంగబోయిండు.
మోకాలు వంగలే.

డీసీఎంల ఎవ్వలం మాట్లాడలే.
బీచుపల్లి బ్రిడ్జి కింద కృష్ణ ఉన్నదో ఎండిందో
తొంగి చూసినోడు లేడు.
కొత్తకోట దాటినంక చాయ్‌కి ఆపితే
హర్యా నోరు తెరిచిండు: "జర దూరం ఇచ్చిన."
"లేదురా, నేనే తొందరపడ్డ" అన్నడు పర్వతాలు.
గ్లాసు కింద పెట్టి జహంగీర్ భాయ్
"ఇదే లాస్ట్" అన్నడు.
ఈసారి ఎవ్వలు నవ్వలే.

మిల్లు గేటుకు తాళం పడ్డది.
హర్యా పట్నం పోయిండు, సెంట్రింగ్ పనికి.
పర్వతాలు బత్తాయి తోటల కావలి,
రాలిన కాయను చేతుల ఎగరేసుకుంట తిరుగుతడట.
సేటు లెక్కల బుక్కు అడిగి పంపిండు.
కుట్టు విప్పి క్వింటాళ్లు ఇచ్చి పంపిన.
పాయింట్లు నా తాననే ఉన్నయి.
సెమీస్ పేజీల ఆ ఒక్క బంతి కాడ
పెన్సిలుతోని చిన్న చుక్క పెట్టిన.
ఏమని రాయాల్నో తెల్వక
చుక్క పెట్టి ఇడిసిపెట్టిన.