జానెడు తక్కువ

లాస్తా కొండలు, ఇథియోపియా

అస్నకెచ్ వచ్చేసరికి వానలు వెనకబట్టాయి,
బార్లీ చేల గట్ల మీద పచ్చపూలు విచ్చుతున్నాయి.
కప్పుకున్న దుప్పటి కింద నుంచి పిల్లను ముందుకు తోసి
"ఇద్దర్ని మట్టిలో పెట్టాను, కిన్ఫె అయ్యా.
దీన్ని మాత్రం ఇవ్వను" అంది.
ఎవరికి ఇవ్వదో చెప్పలేదు.
పేరెత్తితే తలుపు తట్టి పిలిచినట్టే, మా కొండల్లో.

నేను దారం తీశాను.
మాడు నుంచి మడమ దాకా
ఏడేళ్ల షితాయెను కొలిచాను.
మా దగ్గర కాపుదల నిలువెత్తు ఉండాలి,
మనిషి ఎంతో తోలుచుట్ట అంత.
వేలెడు సందున్నా గాలి అందులోంచే దూరుతుందంటారు.

మేకతోలు నానబెట్టి, గీకి, ఎండకు బిగించాను.
కుంపటి మసితో నలుపు,
దేవుడి పేరొచ్చిన చోట ఎరుపు.
గీజ్ అక్షరాలు చీమల్లా బారులు తీరాయి.
నడుమ మిఖాయేలును నిలబెట్టాను:
కత్తి కాస్త వంకర, కళ్లు మాత్రం తిన్నగా.
చుట్టూ మరిన్ని కళ్లు,
దిష్టినే తేరిపార చూసే కళ్లు,
వాటికి రెప్పలు గీయలేదు.
చివర్న ఊరికి తెలియని జ్ఞానస్నానపు పేరు,
వలెత్త మర్యమ్.

అప్పుడు చూశాను.
తోలు ఎండి ముడుచుకుంది.
పక్కన దారం పరిస్తే
జానెడు తక్కువ.

వాళ్లకున్నది ఆ ఒక్క మేకే.
దాని మాంసం నా కూలి. అప్పటికే తిన్నాను.
చుట్టేసిన తోలు పొడవు ఎవరికి తెలుస్తుంది?
ఎర్రగొట్టంలో పెట్టి, కుట్టి, పిల్ల మెడలో వేశాను.
తల్లి వంగి నా మోకాళ్లు ముద్దు పెట్టుకుంది.

ఆ రాత్రితో నిద్ర పోయింది.
లోయలో దుమ్ములగొండి నవ్వితే
సందు దొరికిన నవ్వే అనుకున్నాను.
ఊరందరికీ కవచాలు రాసినవాణ్ణి,
నాకంటూ ఒకటి రాసుకోలేదు.
చలిలో లేచి, గుడి చుట్టూ ఉన్న దేవదారుల కింద నిలబడి
ఏ పుస్తకంలోనూ లేని మాట అనేవాణ్ణి,
సిగ్గు లేకుండా, రోజూ అదే:
"తండ్రీ, తోలు చాల్లేదు.
ఆ జానెడు నువ్వే."

"మసినీళ్లతో సాతానును తరుముతావా?" అని
గురువు మెర్షా వాకిట్లోనే ఆపేవాడు నన్ను.
ఎదురు చెప్పలేదు.
ఆ మసి సంగతి అతనికంటే నాకే బాగా తెలుసు.

పందొమ్మిదేళ్లకు షితాయె మళ్లీ వచ్చింది,
గుమ్మం తగలకుండా వంగి. అంత పొడుగు.
నా కళ్లకు పొర, వేళ్లకు వణుకు.
గొట్టం కుట్లు విప్పి, తోలు నేల మీద పరిచి
దాని పక్కనే పడుకుంది నవ్వుతూ.
"చూడు, నడుం దాటగానే ఆగిపోయింది.
ఆ పైనంతా ఎవరు కాశారు?"

అప్పుడు చెప్పేశాను.
మొదటి రోజే తక్కువని.
మేక సంగతి, కూలి సంగతి.
పొయ్యిలో యూకలిప్టస్ పుల్ల చిటపటలాడింది.
తిడితే బాగుండుననిపించింది.

"అమ్మకు తెలుసు" అంది.
"ఇంటికెళ్లి మూరేసి చూసుకుంది.
నీతో అనొద్దంది, సిగ్గుపడతాడు పాపం అని.
మిగతాది తనే అడుక్కుంటానంది.
పోయేదాకా ప్రతి రాత్రీ లేచేది."

ఒకే చీకటి.
కొండకు అటు ఆమె, ఇటు నేను,
జానెడు కోసం చేతులు చాచి.
ఒకరికొకరం తెలియదు.

షితాయె వీపు మీది పిల్లాణ్ణి దించింది,
దారం వెతికి నా చేతికిచ్చింది.
"నా చేతులు ఇక రాయవు తల్లీ."
"నీ శిష్యుడు రాస్తాడులే. కొలత నువ్వే తియ్యి.
జానెడు మాత్రం వదిలెయ్."

మాడు దగ్గర దారం ఆనించాను.
వాడు రెండో కొస నోట్లో పెట్టుకుని
తడిపి, నమిలి,
కొలతంతా పాడు చేశాడు.