వంకాయల కాటా

ఆదివారం తెల్లారుజామున సంతపేట మార్కెట్లో
వంకాయలు తూచే కాటా మీద
బ్యాటరీ పెట్టినాడు దొరసామి.
నాలుగు కిలోల మూడొందలు.
"కిలో ఎంత నాయనా?" అనింది సంచి పట్టుకున్న ఒక అవ్వ.
మాకు నవ్వు రాలేదు.
ఆ మూడొందల గ్రాముల కోసమే
రాత్రంతా పోట్లాడుకోని వచ్చినోళ్ళం.

తగ్గిస్తే, మొగిలి ఘాట్ సగంలోనే దాహమంటుంది.
పెంచితే, పెంచిన బరువును మోసేదానికే
పెంచినదంతా తాగేస్తుంది.
తన మేత తానే మోసుకోని
దారిలోనే తినేసే ఎద్దు.

మోటారు చక్రంలోనే ఉండాలంటాడు హేమాద్రి.
చప్పుడుండదు, చైను జోలికి పోదు.
ఎత్తు మీద మాత్రం అరచేయి పెట్టలేనంత కాలుతుంది,
పంచరైతే ఆ చక్రం ఊడదీయడం
కాన్పు చేసినంత పని.
కాదు, పెడళ్ళ కాడ పెట్టమంటాడు కాజాపీర్.
గేర్ల బలమంతా చేతికొస్తుంది,
కొండ కొండగా కనపడదు.
నెలకో చైను నమిలి ఊస్తుంది, అంతే.
వాళ్ళింటి గోడకు ఏడు చైన్లు వేలాడుతుంటాయి,
చంపిన పాముల్లాగా.
వచ్చినోళ్ళకు వాటినీ గొప్పగానే చూపిస్తాడు.

నేను వెల్డింగు వాణ్ణి.
ఎవరు గెలిచినా చివరకు పగిలేది నా ఫ్రేము.
అందుకే టీ తాగుతా ఊరకుంటాను.

అప్పుడొచ్చింది చెంగమ్మ,
గ్రీమ్స్‌పేటలో ఇంటింటికీ ఇడ్లీ పిండి పోసే ఆమె.
పది రోజుల కిందట మేము చేసిచ్చిన బండి,
వెనక రెండు స్టీలు క్యాన్లు, ఇరవై కిలోలు.
స్టాండు వేసి, మా కాటా వైపు ఒకసారి చూసి,
"మీ వాట్లు వోల్టులు నాకొద్దు సామీ.
తాకితే చాలు, తోక తొక్కిన కుక్కలాగా ఎగరతాది ఇది.
సర్కిల్ కాడ ఆగి కదిలినప్పుడల్లా
గరిటెడు పిండి రోడ్డుకు పోస్తా ఉండా.
ఎన్ని ఇడ్లీలో లెక్క జెప్పేదా?"

చెప్పమని ఎవరూ అనలేదు.
వేగం కొలిచినాం, దూరం కొలిచినాం, వేడి కొలిచినాం.
కదలడం కొలవాలని
ఇంతమందిలో ఒక్కరికీ తోచలేదు.

"ఇంకోటి. మే నెల్లో పిండి పొంగితే మూత లేస్తాది,
నాకు తెలుస్తాది.
ఈ పెట్టె కూడా పొంగుతాదంటారే,
దీనికి మూత యాడ?"

కాటా మీద నుంచి బ్యాటరీ దించినాడు దొరసామి.
వంకాయలాయన ఊపిరి పీల్చుకున్నాడు.

మధ్యాహ్నం నా షెడ్డులో
కదలికను మెత్తన చేసినాం.
ఎత్తు మీద బలం కొంత పోయింది,
హేమాద్రి మొహం మాడిన దోసె.
పెట్టెను క్యారియర్ కింద నుంచి
సీటు గొట్టం పక్కకు జరిపి,
ఎండ పడకుండా రేకు కట్టి,
గాలాడేదానికి రేకుకు బొక్కలు వేసినాను.
బొక్కల్లోంచి వాన పోదా అన్నాడు దొరసామి.
పోతుంది.
దానికి ఇంకో ఆదివారం.

పిండి పాడుచేయడమెందుకని క్యాన్లలో నీళ్ళు పోసుకోని
మురకంబట్టు ఎత్తు మీదికి పోయింది చెంగమ్మ.
నడిమధ్యన కావాలనే ఆపింది.
తోతాపురి కాయల లారీ ఒకటి హారన్ కొట్టి కొట్టి
పక్కనించి పోయింది.
ఆమె కదిలింది.
మేము నలుగురం వెనక ఉరుకుతా
బండిని కాదు, తారును చూస్తున్నాం.

"రెండే చుక్కలు!" అని అరిచినాడు కాజాపీర్.

"ఆ రెండు మాత్రం ఎందుకు పడినట్టు?" అన్నాను,
ఎవరో అన్నారనుకోని
నేనే వెనక్కి తిరిగి చూసినాను.